ఇరవై లీటర్ల డబ్బా

2024 ఫిబ్రవరి 18, ఆదివారం, మాఘ శుద్ధ నవమి. సాయంత్రం నాలుగు గంటల నలభై ఏడు నిమిషాలు. ఆకాశంలో మబ్బు లేదు. గాలి సముద్రం మీది నుంచి, ఆగ్నేయం వైపు నుంచి నెమ్మదిగా వీస్తోంది. రన్‌వే చివర గాలి దిశ తెలియడానికి కట్టిన గుడ్డ గొట్టం సగం వరకే లేచి ఉంది. నీడలో ఉష్ణోగ్రత ముప్పై ఒకటి. ఎగరడానికి అంతకంటె మంచి పూట ఆ మూడు రోజుల్లో రాలేదు. ఆ నిమిషాన, ఉప్పలగుప్తం మండలం సముద్రపు ఒడ్డున, కొబ్బరి తోటల మీదుగా తిరిగి వస్తున్న రెండు సీట్ల చిన్న విమానం ఇంజను ఆగిపోయింది.

ఆగడం నేను చూడలేదు, విన్నాను. ముప్పై నాలుగేళ్ళు ఒక ఫ్లయింగ్ క్లబ్బులో ఇంజన్ల మరమ్మతు చూసినవాణ్ణి. పాడైన ఇంజను దగ్గుతుంది, తన్నుతుంది, లోపల ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు చేస్తుంది. ఇంధనం అందని ఇంజను ఒకటి రెండు సార్లు వేగం హెచ్చి తగ్గి, ఆ తరువాత ఊరుకుంటుంది. ఇది ఊరుకుంది. అప్పుడు నా ఒళ్ళో రిజిస్టరు ఉంది. ఆ రౌండు మొదలయ్యేటప్పటికి ట్యాంకులో ఇరవై లీటర్లు ఉన్నట్టు అందులో నా దస్తూరీతో రాసి ఉంది. ఇంజను తిరిగింది పదకొండు నిమిషాలు. ఖర్చయ్యేది మూడు లీటర్లు. ఇంకా పదిహేడు ఉండాలి. పైన చప్పుడు లేకుండా దిగుతున్న విమానాన్ని చూడవలసిన క్షణంలో నేను తల వంచి ఆ అంకెను మరొకసారి చూశాను. ఆ పని చేసినందుకు నన్ను నేను ఈనాటికీ క్షమించుకోలేదు.

ఇందులోకి నన్ను ఎవరూ బలవంతంగా లాగలేదు. ఉద్యోగ విరమణ తరువాత కొత్తపేటలో ఉంటున్నాను. ఆ తీరాన రొయ్యల చెరువులున్న రైతు ఒకరు, చెరువుల పక్కనే చిన్న రిసార్టు కట్టి, రథసప్తమి శుక్రవారం నాడు తెరవాలని నిశ్చయించారు. జనాన్ని రప్పించడానికి శుక్ర, శని, ఆది వారాలు మూడు రోజులూ విమానంలో తిప్పుతామని ప్రకటించారు. విమానం, పైలట్ బయటి ఊరి కంపెనీవి. మట్టి రోడ్డును చదును చేసి రన్‌వే చేశారు. యజమాని స్వయంగా మా ఇంటికి వచ్చి, చక్కెరకేళి గెల ఒకటి వరండాలో దించి, "మీరు వచ్చి కుర్చీలో కూచుంటే చాలండి. పెట్రోలు లెక్క మీ చేతిలో ఉందంటే మాకు ధైర్యవండి" అన్నారు. నాకు సంతోషం కలిగింది. డెబ్బై ఒకటో ఏట ఒక మనిషిని అంకెల కోసం పిలవడానికి ఎవరో వచ్చారన్న సంతోషం. వెళ్ళాను.

పైలట్ అమ్మాయి నాకు తెలిసిన పిల్లే. రాజోలు వైపు మనిషి. తాతగారు మిషన్ బడిలో చదువుకుని అక్కడే పంతులయ్యారు. తండ్రి లెక్కల మాస్టారుగా చేరి హెడ్మాస్టరుగా దిగారు. ఆ ఇంట్లో సుద్దముక్క కాక మరొకటి చేత పట్టిన మొదటి మనిషి ఆమె. నేను క్లబ్బులో ఉన్న చివరి రెండేళ్ళు అక్కడే విమానం నేర్చుకుంది. తరువాత నాలుగేళ్ళు పర్యాటకులను తిప్పే విమానాలు నడుపుతూ, మంచి ఉద్యోగం కోసం కాచుకుంది. ఆ ఫిబ్రవరికి చేతికి వచ్చింది. ఏప్రిల్ ఒకటో తేదీ నుంచి ఒక ఫ్లయింగ్ స్కూల్లో శిక్షకురాలిగా చేరవలసిందని ఉత్తరం. గురువారం నాడు షెడ్డులో కలవగానే ఆ ఉత్తరం నకలు తీసి చూపించింది. రెండో పేజీలో ఒక షరతు ఉంది: చేరే నాటికి ఆమె మీద ప్రమాదానికి సంబంధించిన ప్రతికూల నివేదిక ఏదీ ఉండరాదు. నేను ఆ వాక్యం చదివి, "మూడు రోజులే కదా" అన్నాను.

ఆ గురువారం, ఫిబ్రవరి 15, జరిగినది వరుసగా చెప్పాలి. అంతా అక్కడే ఉంది.

విమానం సీట్ల వెనక ఒకే ట్యాంకు. అందులో ఇంధనం ఎంత ఉందో చూపడానికి పక్కన ఒక పారదర్శకమైన గొట్టం ఉండాలి. ఉంది, కాని పెట్రోలు రంగు పట్టి పచ్చగా మారి, ఏ మట్టం ఎక్కడుందో ఎండలో కూడా తెలియడం లేదు. పోసే మూతి వంకరగా ఉన్నందువల్ల లోపలికి కొలకర్ర దిగదు. గొట్టం మార్చమని కంపెనీ మేనేజరుకు అక్కడికక్కడే కాగితం రాసి ఇచ్చాను. వచ్చే వారం తెప్పిస్తామన్నారు. అప్పుడు విమానాన్ని ఆపమనవలసినది. అనలేదు. పందిళ్ళు వేసి ఉన్నాయి, వంటవాళ్ళు దిగి ఉన్నారు, యజమాని మర్యాదగా నిలబడి ఉన్నారు. "సరే, రిజిస్టరు నడుపుదాం" అన్నాను. పోసినది కలుపుతాం, ఖర్చయినది తీసేస్తాం, మిగిలినది ట్యాంకులో ఉన్నట్టు. ఆ ఉపాయం నాది. వేరెవరూ చెప్పలేదు.

ట్యాంకు పూర్తిగా ఒంపించాను; సున్నాతో మొదలుపెట్టాము. ఈ ఇంజను గంటకు పదహారు లీటర్లు తాగుతుందని విమానం పుస్తకంలో, ఆమె ఏడాదిగా రాసుకున్న లెక్కల్లో ఒకే అంకె ఉంది. స్టార్టు చేసిన దగ్గర నుంచి ఆపేదాకా ఒక్కొక్క రౌండు పదిహేను నిమిషాలు, అంటే నాలుగు లీటర్లు. అడుగున రెండు లీటర్లు ఎప్పటికీ ఇంజనుకు అందవు. రిజిస్టరులో పన్నెండుకు తగ్గే రౌండుకు పంపరాదని నియమం పెట్టాను.

పెట్రోలు తెల్లటి ప్లాస్టిక్ డబ్బాల్లో బంకు నుంచి వస్తుంది. తెచ్చి పోసే పని యజమాని చెరువుల మీద నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు, జనరేటర్లు చూసే మేస్త్రికి అప్పగించారు. నలభై ఐదేళ్ళ మనిషి, నెమ్మదస్తుడు, ఇరవై ఏళ్ళుగా ఆ ఇంజన్లతోనే ఉన్నవాడు. ఉదయం పది గంటలకు ఒక డబ్బాను మెడదాకా నింపించి, లీటరు కొలతతో నేనే కొలిచాను. ఇరవై. రిజిస్టరు మొదటి పేజీలో రాశాను: డబ్బా ఒకటికి ఇరవై లీటర్లు. పదిన్నరకు చూస్తే, ఎండకు పెట్రోలు పొంగి మూత చుట్టూ తడి చేసింది. విమానం పక్కన అది ప్రమాదం. మేస్త్రిని పిలిచి, మెడదాకా పోయవద్దని, భుజం కిందికి వెలితి ఉంచమని చెప్పాను. "ఆయ్, అలాగేనండి" అన్నారు. అలాగే చేశారు కూడా. ఆ మూడు రోజులూ ఒక్క డబ్బా కూడా పొంగలేదు.

కొలిచినది పది గంటలకు. వెలితి ఉంచమన్నది పదిన్నరకు. మొదటి పేజీ మార్చాలని నాకు తట్టలేదు. డబ్బా పేరే ఇరవై లీటర్ల డబ్బా. పేరు రాసి, కొలత రాశాననుకున్నాను.

శుక్రవారం రెండు డబ్బాలు పోశారు. ఏడు రౌండ్లు తిరిగింది. రిజిస్టరులో పన్నెండు మిగిలింది. శనివారం ఉదయం మరి రెండు డబ్బాలు. నేను రాస్తుండగా మేస్త్రి గరాటు తుడుస్తూ పక్కనే నిలబడ్డారు.

"ఇరవయ్యేనాండీ రాసేది?" అని అడిగారు.

"డబ్బా ఎంతది?" అన్నాను, తల ఎత్తకుండా.

"ఆయ్, ఇరవై లీటర్ల డబ్బాయేనండి" అని గరాటు తీసుకుని వెళ్ళిపోయారు.

శనివారం తొమ్మిది రౌండ్లు. సాయంత్రం రిజిస్టరులో పదహారు. నియమం ప్రకారం మరొక రౌండు పంపవచ్చు. పొద్దు వాలిందని ఆపాము. పైలట్ అమ్మాయి దిగి, హెల్మెట్ చంకలో పెట్టుకుని నా కుర్చీ దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, ట్యాంకు ఒంపేసి ఒక్కసారి కొలుద్దామా? ఆ గొట్టంలో నాకేం కనబడ్డం లేదు."

"రిజిస్టరు పదహారని చెబుతోంది. ఒంపితే పదిహేడవుతుందా?"

"క్లబ్బులో కర్ర ముంచందే తాళాలు ఇచ్చేవారు కాదు మీరు. ఇప్పుడు మెత్తబడ్డారు" అని నవ్వింది.

"అక్కడ కర్ర దిగేది. ఇక్కడ దిగదు" అన్నాను. నా గొంతులో కొంత కోపం ఉందని నాకు తెలుసు. ఆమెకూ తెలిసింది. ఒంపి కొలవడానికి నలభై నిమిషాలు పట్టేది. యజమాని పూతరేకులు పంపించారు. అందరం తిని ఇళ్ళకు వెళ్ళాము. ఆ సాయంత్రం ట్యాంకులో నిజంగా ఉన్నది ఆరు లీటర్లు.

ఆదివారం మరి రెండు డబ్బాలు, తొమ్మిది రౌండ్లు. పదవ రౌండుకు సీట్లో కూర్చున్నది ఒక అంగన్‌వాడీ టీచరు. కూతుళ్ళు ఇద్దరూ కింద నిలబడి ఫోన్లు పైకెత్తి ఉన్నారు. నాలుగు ముప్పై ఆరుకు ఇంజను స్టార్టయింది. రిజిస్టరులో ఇరవై చూసుకుని, వెళ్ళవచ్చునని నేనే చెయ్యి ఊపాను.

ఇంజను ఆగేసరికి విమానం రన్‌వే వైపు మళ్ళుతోంది. అందేంత ఎత్తు లేదు. కింద ఒక పక్క కరెంటు తీగలు, తీగల పక్క రోడ్డు మీద జనం. ముందు నీళ్ళు నిండిన చెరువులు, నీళ్ళలో తిరుగుతున్న ఏరేటర్లు. ఎడమ పక్క రొయ్యల పట్టుబడి అయిపోయి నీళ్ళు తీసి ఎండగట్టిన చెరువు ఒకటి ఉంది. ఆమె అందులోకి దింపింది. అంతకంటె మంచి నిర్ణయం నా ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఏ పైలట్ తీసుకోగా నేను వినలేదు. పైపొర ఎండింది కాని లోపల బురద; ముందు చక్రం దిగబడి విమానం తలకిందులైంది. టీచరుగారికి మెడ ఎముక విరిగింది. పైలట్ అమ్మాయికి వెన్నుపూస ఒకటి చిట్లింది. ఆ టీచరుగారు తరువాత చెప్పారు, ఇంజను ఆగాక గాలి చప్పుడు తప్ప ఏమీ వినబడలేదని, ఆ అమ్మాయి "అమ్మా, కాళ్ళు వెనక్కి పెట్టుకోండి, పట్టీ గట్టిగా పట్టుకోండి" అని బస్సులో కండక్టరు చెప్పినంత మామూలుగా చెప్పిందని.

మర్నాడు సోమవారం ఉదయం ట్యాంకు ఒంపించాను. రెండు లీటర్లు వచ్చాయి. రిజిస్టరు ప్రకారం పదిహేడు. పైపులన్నీ నేనే తడిమి చూశాను, ఎక్కడా కారలేదు. కంపెనీ మేనేజరు, యజమాని కూర్చుని ఉండగా ప్రమాదం మీద వేసిన విచారణాధికారికి పంపడానికి నా వాంగ్మూలం నాలుగు వాక్యాల్లో రాశాను. ట్యాంకులో పదిహేడు ఉండాలి. రెండే ఉన్నాయి. లీకు లేదు. కనుక ఇంజను లెక్కకు మించి ఇంధనం తాగింది. ఇంజను లెక్కకు మించి తాగడమంటే, నడిపేవారు అవసరానికి మించి థ్రాటిల్ ఇచ్చారనే అర్థం. అది రాయలేదు, చదివేవారు రాసుకుంటారు.

అమలాపురంలో ఆసుపత్రి మంచం మీద, కదలకుండా పడుకుని, ఆమె నాతో ఒకే మాట అంది: "గంటకు పదహారు దాటించలేదు మాస్టారూ. మూడు రోజులూ కింద కూచుని విన్నారు కదా మీరు." విన్నాను. ఇరవై ఐదు రౌండ్లూ ఒకే శ్రుతిలో తిరిగింది ఆ ఇంజను. నా చెవికి తెలిసినది నా చెయ్యి రాయలేదు. చెవి సాక్ష్యం కాదని, అంకె సాక్ష్యమని కదా నేను ఎందరికో నేర్పినది.

కొత్త గొట్టం ఫిబ్రవరి 22, గురువారం పార్సిల్లో వచ్చింది.

మార్చి 3, ఆదివారం, ప్రార్థన ముగించుకుని ఆమె తండ్రి మా ఇంటికి వచ్చారు. తెల్లని బట్టలు, చేతిలో గొడుగు. ఉద్యోగంలో ఉన్నంత కాలం లెక్కలు చెప్పిన మనిషి, నా ఎదుట విద్యార్థిలా కుర్చీ అంచున కూర్చున్నారు. కాఫీ పుచ్చుకున్నారు. ఎండల గురించి, దాళ్వా వరికి నీళ్ళ గురించి మాట్లాడారు. ఆ తరువాత అన్నారు:

"మా అమ్మాయి ఇంజనుకి ఎక్కువ తాగించిందని మీరు రాసేరంటండీ. మీరు రాసేరంటే అయ్యుంటుంది. తెలీక అడుగుతున్నానండీ, ఎంత ఎక్కువ?"

"పదిహేను లీటర్లు."

"ఇరవై ఐదు రౌండ్లకి పదిహేను. అంటే రౌండుకి ఆరు వందల మిల్లీలీటర్లు. ప్రతి రౌండుకీ సరిగ్గా అంతే ఎక్కువ తాగించగలదాండీ మనిషి?"

ఆయన గొడుగు పిడి ఒకసారి తిప్పి మళ్ళీ అన్నారు:

"పదిహేనుని రౌండ్లతోనే భాగించాలని ఏముందండీ. డబ్బాలెన్ని?"

"ఆరు."

"ఆయ్" అన్నారు. లేచి దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. భాగఫలం ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఒక పెద్దమనిషి తప్పును అతని ఇంట్లో కూర్చుని పైకి అనకూడదన్న నియమం ఆయన చివరిదాకా పాటించారు.

మర్నాడు ఉప్పలగుప్తం బస్సెక్కి, దిగి ఆటోలో షెడ్డుకు వెళ్ళాను. డబ్బాలు ఒక మూల వరుసగా ఉన్నాయి. తెల్లటి ప్లాస్టిక్ కనుక లోపల పెట్రోలు నిలిచిన మట్టం దగ్గర పచ్చటి గీత పడి ఉంది; ప్రతి డబ్బాకూ భుజం కిందనే. ఒక డబ్బాలో ఆ గీతదాకా నీళ్ళు పోసి లీటరు కొలతతో కొలిచాను. పదిహేడున్నర. మూడు సార్లు కొలిచాను. మూడు సార్లూ పదిహేడున్నర. మేస్త్రి వచ్చి పక్కన నిలబడ్డారు.

"మెడదాకా పొయ్యద్దని మీరే కదండీ చెప్పేరు" అన్నారు, భయంగా.

"నేను ఇరవై అని రాస్తుంటే చూశారు కదా?"

"చూసేనండి. అడిగేను కూడానండి ఒకసారి." డబ్బాలు సర్దుతూ, "పెద్దవారు రాస్తా ఉంటే మధ్యలో ఇది కాదండీ అనడం ఏం బాగుంటదండీ" అన్నారు.

ఇదీ సంగతి. మా వైపు మనిషి మర్యాదకు ప్రాణమిస్తాడని చెప్పుకోవడం నేను చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఇంటికి వచ్చినవాడు వద్దన్నా విస్తరిలో మరొకసారి వడ్డిస్తాము. ఇచ్చినవాడి ఎదుట కాయలు లెక్కపెట్టుకోము. పెద్దవాడు తప్పు చెబితే ఔనని తల ఊపి, బయటికి వచ్చి మనలో మనం సర్దుకుంటాము. పెళ్ళిలోను పంచాయతీలోను ఇది చెల్లుతుంది. గాలిలో నాలుగు వందల అడుగుల ఎత్తున చెల్లదు. అక్కడ సర్దుకోవడానికి ఎవరూ ఉండరు.

అయితే ఆ మర్యాదను అడిగి పుచ్చుకున్నది నేను. డబ్బా ఎంతది అని తల ఎత్తకుండా అడిగినవాడికి మరే జవాబు వస్తుంది?

విచారణాధికారికి నాలుగు పేజీల సవరణ రాసి పంపాను. డబ్బాకు పదిహేడున్నర, తప్పు నాది, పైలట్‌ది కాదు అని. ఆయన న్యాయంగానే స్పందించారు. మార్చి 14, గురువారం, స్వయంగా వచ్చి కొలత చూస్తానని తెలిపారు. ఆ రోజు షెడ్డులో ఆయన, యజమాని, కంపెనీ మేనేజరు, హెడ్మాస్టరుగారు, మేస్త్రి, నేను. డబ్బాలు తళతళలాడుతున్నాయి. ఆఫీసరుగారు వస్తున్నారని యజమాని ముందురోజు అన్నిటినీ సబ్బుతో తోమించారట. పచ్చటి గీతలు లేవు. అందులో దురుద్దేశం ఉందని నేను అనలేను. అతిథి వస్తే ఇల్లు కడుగుతారు.

ఇంక మిగిలినది మేస్త్రి చెయ్యి. పెట్రోలు బదులు నీళ్ళతో, ఆ మూడు రోజులూ ఎలా నింపేవారో అలాగే ఒక డబ్బా నింపమని అధికారి చెప్పారు. మేస్త్రి పంపు విప్పారు. నీరు భుజం దగ్గరికి వచ్చింది. ఆయన ఒకసారి నా వైపు చూశారు. ఆపమని నేను చెప్పకూడదు. చెబితే అది కొలత కాదు. ఆయన ఆపలేదు. నీరు భుజం దాటింది, మెడలోకి వచ్చింది, అంచుకు తగిలింది. అప్పుడు కట్టేశారు. అధికారి లీటరు కొలతతో కొలిపించారు. ఇరవై.

"ఇలా కాదు ఆ రోజుల్లో పోసినది" అన్నాను.

అధికారి మేస్త్రి వైపు తిరిగి, అప్పుడూ ఇంతే పోశారా అని అడిగారు.

"మాస్టారు ఇరవై అని రాసేరంటే ఇరవయ్యేనండి" అన్నారు మేస్త్రి, చేతులు కట్టుకుని.

హెడ్మాస్టరుగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

అధికారి నన్ను పక్కకు తీసుకువెళ్ళి, చాలా గౌరవంగా చెప్పారు: నా రిజిస్టరు ఏ పూటకు ఆ పూట రాసినది, ఒక్క దిద్దుబాటు లేదు, నా సవరణ పదిహేను రోజుల తరువాత రాసినది, దానికి సాక్ష్యం లేదు, బంకు బిల్లులో రిసార్టు పెట్రోలంతా కలిపే ఉంది, రెండింటిలో దేనిని నమ్మాలో మీకు నేను చెప్పాలా అన్నారు. చెప్పనక్కరలేదు. క్లబ్బులో నా దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ మొదటి రోజున నేను చెప్పినది అదే. అప్పటికప్పుడు రాసినదే సాక్ష్యం, తరువాత గుర్తు చేసుకున్నది కాదు. పాత శిష్యురాలిని కాపాడుకోవడానికి ఒక ముసలివాడు తప్పును నెత్తిన వేసుకుంటున్నాడని ఆయన అనుకున్నారు. యజమాని కూడా అదే అనుకుని, భుజం మీద చెయ్యి వేసి, "మీ మనసు వెన్నండీ" అన్నారు.

ఆటో దాకా నా గొడుగు పట్టుకుని మేస్త్రి వచ్చారు. ఎందుకు నింపారని అడిగాను.

"నీళ్ళే కదండీ, పొంగవు కదా అని..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. తరువాత నేల చూస్తూ అన్నారు: "ఊరుగాని ఊరాయన ముందర, మీ లెక్క తప్పని నా చేత్తో చూపిస్తానాండీ? మీ మాట పోకూడదని నిండా పోసేనండి."

ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. నాకు మేలు చేశానని ఆయన నమ్మకం. ఆటో ఎక్కాక గొడుగు మడిచి నా పక్కన పెట్టారు. దారిలో నేను ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. రాలేదు. వచ్చినదంతా నా మీదికే వచ్చింది.

ఫ్లయింగ్ స్కూలు వారు ఏప్రిల్ ఒకటికి వారం ముందే, విచారణ తేలేవరకు ఆగమని ఆమెకు రాశారు. జూన్ 7, శుక్రవారం, ఉత్తర్వు వచ్చింది. ఇంధనం పూర్తిగా అయిపోయినందువల్ల ఇంజను ఆగినది. పైలట్ నిర్ణీత పరిమితికి మించి ఇంధనం వినియోగించినట్టు కనబడుతున్నది. బయలుదేరే ముందు ట్యాంకును స్వయంగా సరిచూసుకొనవలసిన బాధ్యత పైలట్‌దే. లైసెన్సు ఆరు నెలలు నిలుపుదల. ఫ్లయింగ్ స్కూలు వారు ఆ తరువాతి వారంలో ఉత్తరం రద్దు చేశారు. బాధ్యత పైలట్‌దే అన్న మాట నియమం ప్రకారం సరైనదే. ఆమె ఆ బాధ్యత నెరవేర్చడానికి శనివారం సాయంత్రం నా కుర్చీ దగ్గరికి వచ్చిందన్నది ఏ నియమంలోనూ లేదు. నాపైన చర్య లేదు. నేను గౌరవ సహాయకుణ్ణి. ఉత్తర్వు మూడో పేజీలో నా గురించి ఒక వాక్యం ఉంది: "ఇంధన రిజిస్టరు ఎంతో క్రమబద్ధంగా నిర్వహించబడినది." దానిని నేను చాలాసార్లు చదివాను. నా ఉద్యోగ జీవితంలో రాతపూర్వకంగా నాకు వచ్చిన మెచ్చుకోలు అది ఒక్కటే.

ఆరు నెలలు గడిచి లైసెన్సు తిరిగి వచ్చింది. పిలిచినవారు లేరు. ఇప్పుడు ఆమె ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతోంది. వెన్ను ఎక్కువసేపు నిలబడనివ్వదని, కుర్చీలో కూర్చుని చెబుతుందని ఆమె తండ్రి అన్నారు. కిందటి వేసవిలో ఒకసారి మా ఇంటికి వచ్చింది. నా సవరణ నకలు కావాలని అడిగింది. నాలుగు పేజీలూ ఇచ్చాను. అక్కడే నిలబడి, పెన్ను తీసి, కూడికలన్నీ మళ్ళీ చేసుకుంది, ఒక్కటీ వదలకుండా. తప్పేమీ దొరకలేదు. "సరిగ్గా ఉంది మాస్టారూ" అని మడిచి సంచిలో పెట్టుకుంది. తాగమని ఇచ్చిన మజ్జిగ తాగలేదు. మా వైపు ఎవరూ అలా చెయ్యరు. నా ఇంట్లో మర్యాద చూడక, లెక్క చూసి వెళ్ళిన మొదటి మనిషి ఆమె.

ఆమె వెళ్ళాక రిజిస్టరు నకలు తీసి, మొదటి పేజీ పక్క ఖాళీలో ఎర్రసిరాతో, ఆనాటి తేదీ వేసి, సరైన లెక్క రాశాను. దానికి విలువ లేదని నాకు తెలుసు. రాసినది ఇది. ఆరు డబ్బాలు, ఒక్కొక్కటి పదిహేడున్నర, మొత్తం నూట ఐదు లీటర్లు. పూర్తయిన రౌండ్లు ఇరవై ఐదు, రౌండుకు నాలుగు, ఖర్చు నూరు. చివరి రౌండు మొదలయ్యేటప్పటికి ట్యాంకులో ఉన్నది ఐదు. అందులో ఇంజనుకు అందేది మూడు. రిజిస్టరులో ఉన్నది ఇరవై.